సుంకలమ్మ సాక

డాక్టరు మాధవ మంచివాడే. ఆ మాట ముందే అనేస్తే ఒక పని తీరిపోతుంది. లంచం ముట్టడు, రోగిని కసురుకోడు, చేసే పని తేటగా చేస్తాడు. కాకపోతే పక్కవాడికి ఒక మెప్పు వచ్చిందంటే చాలు, ఆ పూట అతనికి అన్నం సయించదు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, పెంపకంతో వచ్చింది. తండ్రి సీతారామారావు తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలిన కొత్తలో కోస్తా నుంచి పెట్టే బేడా సర్దుకుని వచ్చి, కెంచనగుడ్డ దగ్గర నల్లరేగడి కొని వరి వేసిన మనిషి. పరాయి చోట తలెత్తుకు బతకాలంటే అందరికన్నా ముందుండాలని ఆయన పట్టు. కొడుకు బడి నుంచి వస్తే నీకెన్ని మార్కులని అడిగేవాడు కాదు, నీకంటే ఎవడికి ఎక్కువొచ్చాయని అడిగేవాడు. అడిగి అడిగి పిల్లవాడి చూపును పక్కవాడి పుస్తకం మీదికి తిప్పేశాడు. ఇక అది మళ్ళింది లేదు.

పంతొమ్మిది వందల అరవైల నడుమ మాధవ డాక్టరయి బళ్ళారిలో ఒక ఆసుపత్రిలో చేరాడు. మద్యనిషేధం కాగితం మీద ఉండేది, సారాయి దొడ్లో కాగుతుండేది. తాగి తాగి చేతులు వణికేవాళ్ళకూ, కడుపు చెడినవాళ్ళకూ అక్కడ ఒక వార్డు ఉండేది. దాన్ని నడిపే పెద్ద డాక్టరు శివరామకృష్ణయ్య. తాగుబోతును తిట్టడానికి ఊరంతా ఉంది, మానినవాడు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాడో కనుక్కునేవాడే లేడని ఆయన బాధ. అందుకని ఇద్దరు కుర్ర డాక్టర్లను తీసుకుని తర్ఫీదు ఇస్తున్నాడు. పొద్దున వైద్యం చెయ్యాలి, మధ్యాహ్నం బస్సెక్కి పల్లెలకు పోయి, ఇంటికి వెళ్ళినవాళ్ళలో ఎవరు నిలిచారు, ఎవరు జారారు, ఎందుకు జారారు అని ఆరా తీయాలి. మందిచ్చేవాడూ ప్రశ్న వేసేవాడూ ఒకడే కావాలంటాడాయన. ఇద్దరిలో మెరుగైనవాణ్ణి ఈ పరిశోధన చదువుకే బెంగళూరు పంపుతారు. ఉన్నది ఒకే సీటు.

ఆ సీటు మీద మాధవ ప్రాణం పెట్టుకున్నాడు. అడ్డం ఎవరయ్యా అంటే ఆ రెండో కుర్ర డాక్టరు వెంకటరామి.

వెంకటరామిది రూపనగుడి. జొన్న చేలు చేసుకునే ఇంటివాడు. చదువులో మాధవ కాలిగోటికి సరిరాడు, ఆ మాట మాధవే పదిమందితో అనేవాడు. కానీ వెంకటరామి వార్డు మెట్ల మీద రోగుల పక్కన చతికిలబడి వాళ్ళ జొన్నరొట్టె తుంచుకుని తింటూ కబుర్లాడేవాడు. ఆ కబుర్లలోనే తనకు కావలసిందంతా రాబట్టేవాడు. అప్పట్లో కొత్తగా ఒక మాత్ర వచ్చింది. అది మింగుతున్నవాడు చుక్క తాగినా ఒళ్ళు కందగడ్డయి, వాంతులు పట్టి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయంతో తాగుడు మానాలి. మాధవ ఆ మాత్రలు రోగి చేతికిచ్చి గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాడు. వాళ్ళు బుద్ధిగా తలాడించి, దారిలో మాత్రలు కాలువలో పారేసేవాళ్ళు. వెంకటరామి భార్య చేతికిచ్చి, రోజూ దేవుడి గూటి ముందు దీపం పెట్టినాక నీ చేత్తో మింగించమని చెప్పేవాడు. అతని మనుషులు నిలిచారు. మాధవ మనుషులు నెల తిరక్కుండా మళ్ళీ వార్డుకే వచ్చారు.

మాధవ కడుపు మండిపోయేది. ఒకసారి మోక అనే పల్లెలో ఒక ముసలమ్మ ఇంటికి పోతే ఆమె లోపల్నుంచి ఉడికించిన చెనిక్కాయలు ఒడి నిండా తెచ్చి, వచ్చింది ఎవరో చూసి, యెంకటరామి డాక్టరు రాలేదా అప్పా అంటూ వాటిని అట్లే కొంగులో మూటగట్టుకుంది. మాధవకు మంచినీళ్ళు ఇచ్చింది. బళ్ళారి చేరేదాకా బస్సులో అవే చెనిక్కాయలు అతని గొంతుకు అడ్డం పడ్డాయి. డాక్టరు చదివినవాడు చెనిక్కాయల కోసం కుళ్ళుకోవడమేంటని మీరు నవ్వొచ్చు. కుళ్ళుకునేవాడికి ఏదైనా ఒకటే.

వెంకటరామి మనుషులందరిలోకీ గట్టిగా నిలిచినవాడు వాళ్ళ ఊరి హొన్నప్ప. పెద్ద డాక్టరు ఎవరొచ్చినా అతని సంగతే చెప్పేవాడు. ఒకరోజు హొన్నప్ప భార్య సిద్దక్క ఆసుపత్రికి వచ్చింది. వెంకటరామి సిరుగుప్ప వైపు పల్లెలకు పోయాడు. తప్పనిసరై మాధవ దగ్గరికే వచ్చి నిలబడింది.

"శుక్రవారం మా ఊర్లో సుంకలమ్మ జాతరప్పా. అమ్మోరికి పోసిన సాక మొదట పట్టి తాగల్సింది మా ఇంటోళ్ళే. ఈతకల్లు. పట్టకుంటే ఊరు ఒప్పదు. అది తాగుడు కాదు గదా, అమ్మోరిది. ఆ మాత్ర మింగేటోడు పట్టొచ్చునా?"

వద్దనాలి. ఒక్క మాట. మాధవ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో హొన్నప్ప పేరు మెదిలింది, వెంటనే పెద్ద డాక్టరు మురిసిపోయే ముఖం మెదిలింది. ఒక దోసెడు కల్లు పడితే ఏమవుతుంది, నాలుగు వాంతులవుతాయి, వెంకటరామి నిలబెట్టినవాడు కాస్తా మళ్ళీ తాగుబోతేనని తేలుతుంది. ఇలా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అబద్ధం చెప్పలేదు, ఊరికే పక్కకు తప్పుకున్నాడు.

"నీ మొగుడు నా పేషెంటు కాదమ్మా. మీ వెంకటరామి డాక్టరునే అడుగు," అన్నాడు.

సిద్దక్క బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది. మాధవ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం ఒక ట్రాక్టరు ఆసుపత్రి ముందుకొచ్చి ఆగింది. ట్రాలీలో హొన్నప్ప పడున్నాడు. ముఖం ఎర్రగా ఉబ్బింది, ఊపిరి అందడం లేదు, నాడి వేలికి తగలడం లేదు. అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది వెంకటరామే. పల్లెల నుంచి నేరుగా ఊరి జాతరకు పోయాడట. దోసెడు కాదు, ఆ ఇంటివాళ్ళకు చెంబు నిండా పోస్తారట. మాధవ కోరుకున్నది ఇది కాదు, ఆ మాట నిజం. ఇద్దరూ సెలైన్ ఎక్కించి, ఆక్సిజన్ పెట్టి, తెల్లవార్లూ మంచం వదల్లేదు. హొన్నప్ప బతికాడు. గోడవార కూర్చున్న సిద్దక్క రాత్రంతటిలో మాధవ వైపు ఒక్కసారి చూసింది. ఆమె ఎప్పుడు నోరు తెరుస్తుందోనని మాధవ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాడు.

పొద్దున్నే వెంకటరామి పెద్ద డాక్టరు ముందు నిలబడి భోరున ఏడ్చాడు.

"తప్పు నాది సార్. ఆయప్ప సాక పట్టేటప్పుడు నేను పక్కనే నిలబడి నవ్వుతాంటి. నేనుండేది చూసి వాళ్ళు ధైర్యంగా పట్టినారు. చిన్నప్పట్నుంచి నేనూ పట్టినోణ్ణే. అది కల్లని నాకు ఎన్నడూ తోచలేదు సార్. తాగుతాండావా అని అందర్నీ అడిగితి గానీ, సాక పడతావా అని ఒక్కర్ని గూడా అడగలేదు."

శివరామకృష్ణయ్య అతన్ని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత, మనవాళ్ళు మళ్ళీ జారేది ఎక్కడో ఇన్నాళ్ళకు ఒకడు కనిపెట్టాడన్నాడు. అది ప్రాణం మీదికి తెచ్చి కనిపెట్టావు, జన్మంతా మర్చిపోవద్దని కూడా అన్నాడు. వెంకటరామి మర్చిపోలేదు. పల్లె పల్లెకూ తిరిగి జాతరల్లో, పెండ్లిళ్ళలో, చావుల్లో ఎవరెవరు ఏమేం పడతారో అడిగాడు. పూజారులను బతిమాలి, మాత్ర మింగేవాళ్ళకు సాకగా మజ్జిగ పోసేట్టు ఒప్పించాడు. ఆ ఏడాది చివర బెంగళూరు సీటు అతనికే వచ్చింది.

ఇప్పుడు మాధవ గతి చూడండి. ఆ తప్పులో పెద్ద వాటా తనది. ముందే తెలిసినవాడు తనొక్కడే. వెంకటరామి తన వాటాతో పాటు మాధవ వాటా కూడా నెత్తినెత్తుకుని ఏడ్చాడు, ఆ ఏడుపే అతనికి మెప్పయింది. చివరికి చేసిన పాపం విషయంలో కూడా వాడే ముందున్నాడని మాధవ ఉడికిపోయాడు. లేచి, సిద్దక్క మొదట నన్నే అడిగిందని చెప్పేస్తే ఆ ఉడుకు చల్లారేదేమో. చెబితే ఉద్యోగం ఉండదు. నోరు కుట్టేసుకున్నాడు.

వెంకటరామి పోతూ పోతూ తన మనుషులనందరినీ మాధవకు అప్పగించాడు. నాకంటే బాగా చూసుకుంటావని చేతులు పట్టుకుని మరీ చెప్పాడు. రోగులంతా మాధవవాళ్ళే అయ్యారు. ఏళ్ళుగా కోరుకున్నదే దొరికింది. నెల తిరిగేసరికి సిద్దక్క, హొన్నప్ప వచ్చి అతని బల్ల ముందు నిలబడ్డారు.

రోజూ మాత్ర మింగిస్తున్నావా అని అడిగితే మింగిస్తాండానంది. తాగుతున్నాడా అంటే లేదంది. హొన్నప్ప తూలకుండా గోడకు చేరబడి ఉన్నాడు. అతని దగ్గర కల్లు వాసన గుప్పుమంటోంది. మాత్ర మింగినవాడైతే ఇలా నిలబడే ఉండడని మాధవకు తెలుసు. ఎప్పుడు జారాడు, ఎక్కడ జారాడు, ఎందుకు జారాడు, అంతా ఈమెకు తెలుసు. అది తెలిస్తే ఈ మనిషిని మళ్ళీ నిలబెట్టవచ్చు.

"సిద్దక్కా, నాతో నిజం చెప్పు. నీ మేలు కోసమే అడుగుతున్నా," అన్నాడు. అతని జీవితంలో అంత మెత్తగా ఎవరినీ అడిగి ఉండడు.

సిద్దక్కకు కోపం రాలేదు. మాత్రల పొట్లం కొంగున ముడేసుకుంది.

"ఆ పొద్దు నిజం చెప్పే అడిగితి గదప్పా నిన్ను, నువ్వు పక్కకు తప్పుకుంటివి," అంది. "యెంకటరామి డాక్టరు కండ్లనీళ్ళు పెట్టుకున్నా నీ మాట నేను ఎవురికీ చెప్పలేదు. చెప్తే రేపు మావోణ్ణి ఈడ ఎవురు చూస్తారు? ఇప్పుడు గూడా అంతే. నువ్వు ఏమడిగినా బాగుండాడనే చెప్తా."

మొగుడి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. మాధవ తరువాతి మనిషిని పిలిచాడు. ఆమె వెనకాలే రూపనగుడి నుంచి వచ్చిన ఇంకో ఆడమనిషి నిలబడి ఉంది. నీ మొగుడు ఎట్లున్నాడని అడిగాడు. ఆమె బయటికి పోతున్న సిద్దక్క వైపు ఒకసారి చూసి, బాగుండాడప్పా అంది.