ముక్కు పక్క నలుపు

ఆపరేషన్ థియేటర్‌లో దీపాలు తగ్గించగానే ముందు తెలిసేది వాసన. కంటి చుట్టూ పూసిన అయోడిన్ వాసన. మొన్న కూడా అలాగే దీపాలు తగ్గించి, మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి, పెద్దగా చదవడం మొదలుపెట్టాను. "చెవి పక్క అంటుకుంది. నడుమ అంటుకుంది." నిజానికి ఇప్పుడు ఎవరూ చదవనక్కరలేదు. కొత్త యంత్రంలో స్కాన్ బొమ్మ మైక్రోస్కోపులోనే కనిపిస్తుంది. చూసి ఊరుకోవచ్చు. ఆకుపచ్చ గుడ్డ కింద పడుకున్న పేషెంటు ఆనేకల్‌లో మగ్గం నేసే ఆవిడ. కంటికి మాత్రమే మత్తిచ్చాం కాబట్టి అన్నీ వింటోంది. "ఎవురితో మాట్లాడతా ఉండారు డాక్టరమ్మా?" అని అడిగింది. నేను చూపును ముక్కు వైపు అంచుకు జరిపాను.

అలా చదవడం నాకు నేర్పింది డాక్టర్ సరోజమ్మ గారు. తాతముత్తాతల కాలం నుంచి కన్నడసీమలో, వర్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. నేను బాపట్ల నుంచి కార్నియా సర్జరీ నేర్చుకోవడానికి వచ్చి, మారతహళ్ళిలో పేయింగ్ గెస్టుగా ఒక గదిలో ఉండేదాన్ని. మొదటి రోజు నన్ను చూసి "ఏమప్పా, వచ్చినావా?" అన్నారు. నా వెనక ఎవరో మగమనిషి ఉన్నాడనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆవిడకు అందరూ అప్పాలే. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోని రాగిముద్ద నాకూ పెట్టేవారు. నేను దాన్ని నములుతుంటే చూడలేక, "మింగాల్నప్పా దాన్ని, నమిలితే అది నీ మింద కోపం చేసుకుంటాది" అని నవ్వేవారు. మా అమ్మ నర్సుగా ఎన్నో రాత్రులు డ్యూటీలో గడిపిన మనిషి. ఆమె తరువాత నా తిండి గురించి అంత పట్టించుకున్నది ఈవిడే.

మా పని గురించి కొంచెం చెప్పాలి. కార్నియా లోపలి వైపు ఒక సన్నని పొర ఉంటుంది. అది చెడిపోతే లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంటుంది. దానం చేసిన కంటిలోంచి ఆ పొరను తీసి, లోపల పరిచి, కింద నుంచి గాలిబుడగతో అదిమి ఉంచుతాం. కుట్లు ఉండవు. కొందరికి కొద్ది రోజుల్లో, పెనం మీద దోసె అంచు లేచినట్టు, ఆ పొర లేచిపోతుంది. సందులో నీరు చేరుతుంది. మళ్ళీ గాలి పెట్టాలి. అంటుకుందో లేదో తెల్లారేదాకా తెలిసేది కాదు. ఆపరేషన్ జరుగుతుండగానే కంటిని అడ్డంగా కోసి చూసినట్టు పొరపొరగా తెర మీద చూపించే యంత్రం వచ్చిన రోజు మేడమ్ దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇన్నాళ్ళూ చీకట్లో ఊదినాం కదప్పా" అన్నారు. తెర మీద రెండు పొరల మధ్య నల్లగీత కనిపిస్తే అక్కడ ఇంకా నీరున్నట్టు.

ఆ యంత్రానికి ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. ఆపరేషన్ చేసేవారు తెర వైపు తిరగకూడదు. కన్ను తిరిగితే చెయ్యి కదులుతుందని ఆవిడ భయం. పక్కనున్నవారు చెవి వైపు నుంచి మొదలుపెట్టి, నడుమ మీదుగా ముక్కు వైపు దాకా ఉన్నదున్నట్టు చదవాలి. ఒకసారి నేను "అంటుకున్నట్టే ఉంది మేడమ్" అన్నాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఉన్నట్టే అంటే ఏమప్పా? నీకేం కావాలని నేను అడగలేదు. ఏం కనపడతా ఉండాదో చెప్పు." మళ్ళీ చదివాను. ఆ సాయంత్రం ఏమీ జరగనట్టు కాఫీ ఇప్పించారు.

రిటైరయ్యాక ఆవిడ ఎడమకన్ను నీటికాసుల జబ్బుతో, అంటే గ్లాకోమాతో, పూర్తిగా పోయింది. కుడికంటిలో ఆ లోపలి పొరే చెడింది. పెద్ద పెద్ద డాక్టర్లు చేస్తామన్నా వినకుండా, "నా కన్ను నా పిల్లే చేయల్ల" అని పట్టుబట్టారు. నేనే కొత్త పొర పెట్టాను. వారం తిరగకముందే అది లేచింది. ఎంత బాగా చేసినా కొందరికి అలా అవుతుందని వందమందికి చెప్పిన మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను. మిగిలింది ఆ ఒక్క కన్నే.

మళ్ళీ గాలి పెట్టిన రోజు తెర చదవడానికి జూనియర్ డాక్టర్ ఉన్నా, వద్దని నేనే చదివాను. మేడమ్ పద్ధతిని మేడమ్ కంటి మీదే తప్పి, తెర వైపు తిరిగాను. "చెవి పక్క అంటుకుంది. నడుమ అంటుకుంది." అక్కడితో ఆగిపోయాను. ముక్కు వైపు వెంట్రుకంత నల్లగీత. ఆవిడ నడుంనొప్పితో చాలాసేపటి నుంచి కదలకుండా పడుకుని ఉన్నారు. ఆ కాస్త నీరు దానంతటదే ఇంకిపోదా అని మనసు పీకింది. గుడ్డ కింద నుంచి గొంతు వినిపించింది.

"ముక్కు పక్క ఎవురు చదవతారప్పా?"

ముక్కు ఎగబీల్చి చదివాను. "నలుపు ఉంది మేడమ్."

"ఉంటే ఉండాది. దానికి ఏడ్చేదెందుకు? చిన్న గాటు పెట్టి నీళ్ళు వదులు. నేను యాడికీ పోను."

గాటు పెట్టి, పైనుంచి మెల్లగా నిమిరాను. గీత సన్నబడి, తెగి, మాయమైంది. మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. "ఊఁ" అన్నారు. ఆ ఊఁ కన్నా పెద్ద మెప్పు నాకు ఇంతవరకూ దొరకలేదు. కొన్ని వారాలకు కన్ను తేరుకుంది. నన్ను దగ్గరకు రమ్మని మొహంలోకి చూసి, "జుట్టు నెరిసిపోయిందే అప్పా నీకు! ఎవురూ చెప్పలేదే నాకు" అని పకపకా నవ్వారు. ఆ కంటితో ఆవిడ మరి కొన్నేళ్ళు పేపరు చదివారు, చెరువు గట్టున ఒంటరిగా నడిచారు. నిరుడు నిద్రలోనే పోయారు. వర్తూరు వైపు వెళ్ళే బస్సు కనిపిస్తే ఇప్పటికీ ఎక్కాలనిపిస్తుంది. ఎక్కి ఎవరి ఇంటికి వెళ్ళను?

మొన్న ఆనేకల్ ఆవిడ కంట్లో కూడా చివరి అంచున నలుపు కనిపించింది. నాకు ఆకలిగా ఉంది, బయట ఇంకో పేషెంటు ఎదురుచూస్తోంది. "ముక్కు పక్క నలుపు ఉంది" అని పైకే చదివి, చిన్న గాటు పెట్టాను. నీరు పోయింది. చివరిదాకా మళ్ళీ చదివి, ఊఁ కోసం ఒక్క క్షణం ఆగాను. అది వినిపించలేదు. ఆనేకల్ ఆవిడే మళ్ళీ అడిగింది, ఎవురితో మాట్లాడతా ఉండారని.

"మా మేడమ్‌తో అమ్మా" అన్నాను.

"ఆయమ్మ ఏమంటా ఉండాది?"

"ఇంకోసారి చూడమంటున్నారు" అని, మళ్ళీ చెవి పక్క నుంచి మొదలుపెట్టాను.