రెండు పేర్ల రాయి

హోబర్ట్ స్లోన్ జీవితం మీద తీసిన సినిమాలో మొదటి భార్య ఓర్లీనా అతని గిటార్‌ను వాగులోకి విసిరేస్తుంది. ఆ తర్వాత కథలో ఆమె జాడ లేదు. హోబర్ట్ పాటల ఊరు నాష్‌విల్ చేరతాడు, డారిస్‌తో గొంతు కలుపుతాడు, ఆమెను పెళ్లాడతాడు. కెంటకీ కొండల పాటగాడి ప్రేమకథ అదేనని జనం కళ్లు తుడుచుకున్నారు.

నిజానికి ఆ గిటార్ మెడ చీలితే అతికించింది ఓర్లీనానే. నాన్న కుర్చీలు బాగుచేస్తుంటే చూసి నేర్చిన పని. తోలుజిగురు కాచి, కోడి ఈకతో చీలికలోకి పట్టించి, బూటు తాళ్లతో బిగించి, ఆరేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. హోబర్ట్ తొలి రికార్డు పాడింది దాంతోనే.

ఆ రికార్డు డబ్బుతో అతను సమాధిరాయి కొన్నాడు. అక్కడ మొగుడూ పెళ్లాలకు ఒకటే రాయి. ఇద్దరి పేర్లూ బతికుండగానే చెక్కించి, చనిపోయే ఏడాది చెక్కడానికి మాత్రం చోటు వదులుతారు. వాళ్లు విడిపోయినా రాయి అలాగే ఉంది. హోబర్ట్ పోయాక సొంత కొండకే తెచ్చి, తన పేరు కింద పడుకోబెట్టారు. అటుపక్క అతని తల్లి సమాధి. ఇటుపక్క ఓర్లీనా పేరు, ఖాళీ నేల.

బడి వంటింట్లో పనిచేస్తూ ఆమె ఒంటరిగానే ఉండిపోయింది. మే నెలలో సమాధులకు పూలు పెట్టే ఆదివారానికి ముందు ఏటా వెళ్లి, గడ్డి చెక్కి, మట్టి ఎగదోసి వచ్చేది. బతికుండగా దక్కని మనిషి పక్కన పోయాకైనా చోటుందని ఆమె ధీమా.

సినిమా వచ్చాక కొట్టువాడు కూడా ఎగతాళి మానలేదు. ఆమె ఏ గిన్నో కొంటే, "గిన్నె జాగ్రత్తమ్మా, విసిరేసేవు, వాగు దగ్గరే ఉంది," అనేవాడు.

ఆ చలికాలం డారిస్ పోయింది. ఆమె శవపేటికను నాష్‌విల్‌లో తాత్కాలికంగా ఉంచారు. ఏప్రిల్‌లో హోబర్ట్ చెల్లెలు యూలా ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని వచ్చింది.

"డారిస్ పిల్లలు ఫోన్ చేశారు వదినా. అమ్మను నాన్న పక్కన పెట్టాలంటున్నారు."

"అక్కడ నా పేరుంది కదే."

"ఉంది. వాళ్ల కాపురమూ ఉంది కదా."

"చచ్చినా కదలనని చెప్పు."

"చచ్చాకే కదా నువ్వక్కడికి వెళ్లేది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే యూలా ఏడ్చింది. ఓర్లీనా మాత్రం ఒప్పుకోలేదు.

మే నెలలో ఆ పూల ఆదివారం, సినిమా చూసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కొండ మీదికి వచ్చారు. ఓర్లీనా పేరు మీద డారిస్ ఫోటో ఆనించి, చుట్టూ పూలు పోశారు. ఓర్లీనా ఆ పూలు పక్కకు జరపబోతే ఒకమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అవ్వా, తీయకండి. అది డారిస్ గారి చోటు."

"ఇక్కడ వేరే పేరుందమ్మా."

అమ్మాయి వంగి చదివింది. "గిటార్ పారేసినావిడ. పోయాక కూడా ఆయన్ని వదలదా?"

ఓర్లీనా పార తీసుకుంది. అంచు మట్టి సరిచేసి, చికెనూ చిక్కుడూ వడ్డిస్తున్న బల్లల దగ్గరికి వెళ్లింది. యూలా పక్కన కూర్చుని, ఇన్నేళ్లుగా ఎవరినీ అడగనిది అడిగింది.

"అన్నేళ్లు డారిస్‌తో ఉండి కూడా మీ అన్న రాయి మార్చలేదు. ఎందుకంటావు?"

యూలా పళ్లెంలో గింజలు అటూ ఇటూ నెట్టింది.

"నేనోసారి అడిగాను వదినా."

"ఏమన్నాడు?"

"'ఏ రాయి?' అన్నాడు."

అవతల బల్ల దగ్గర ఎవరో హోబర్ట్ పాట ఎత్తుకున్నారు, తప్పు శ్రుతిలో.

"రాయి చెక్కేవాణ్ణి పిలవండి," అంది ఓర్లీనా. "నా పేరు అరగదీయిస్తే అక్కడ గుంట పడుతుంది, ఎండ వాలినప్పుడు తెలిసిపోతుంది. మొత్తం కొత్తదే వేయించండి."

తర్వాతి వారం రాయి పనివాడు ఓర్లీనా వాకిట్లో కూర్చుని ఆమె సొంత రాయికి కొలతలు అడిగాడు. ఆమెకు తన తల్లి సమాధి దగ్గర, అవతలి లోయలో, చోటుంది.

"వెడల్పెంత పెట్టమంటావమ్మా?"

"నా పేరు పట్టేంత," అంది ఓర్లీనా.