రంగు మీద బిగించిన వైరు

ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎల్బీనగర్ బస్సెక్కి కూర్చున్నప్పుడు నా ఒళ్లో, కారు ఇంజనుకు పెట్రోలు అందించే చిన్న పంపు ఉంది. మా ఆవిడ పోయాక మూలపడ్డ అంబాసిడర్‌ను మళ్లీ నడపాలని వేరే ఇంజను వేయించాను. రంగు నేనే వేశాను. కొత్తగా పెట్టిన ఈ కరెంటు పంపు మాత్రం తిరగలేదు.

పక్క సీటాయన పంపు చూసి, సంగతి విని, "ఎర్తు వైరు ఏడ బిగించిన్రు సార్?" అన్నాడు.

"బాడీకే. బోల్టు విప్పి, అక్కడ కూడా రెండు పూతలు వేసి బిగించాను."

ఆయన నవ్వాడు. "రంగుల నుంచి కరెంటెట్ల పోతది? మీరు జర తక్కువ పని చేసుంటే బండి నడుస్తుండె. ఇనుము కనవడేదాంక గీకుండ్రి." కొత్తపేటలో దిగిపోయాడు.

ఇంటికెళ్లి గీకి, పంపు, వైరు మళ్లీ బిగించాను. పంపు మోగింది, ఇంజను అందుకుంది. డైరీలో రాయబోతే ఆయన పేరు అడగలేదని గుర్తొచ్చింది.

సరూర్‌నగర్ చెరువు దాకా వెళ్లొచ్చాను. మా ఆవిడ కూర్చునే ఎడమవైపు అద్దం, ఆమెకు కావలసినంత గాలి వచ్చేలా, సగం దించే ఉంచాను.