మేష్టారి చెయ్యి

అయిదో తరగతి గడప దాటని మనిషిని లారీ యార్డంతా మేష్టారు అని పిలుస్తుంది. మొదట్లో వెక్కిరింపుకే అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. ముప్ఫై నాలుగేళ్ళు బరువు బండ్లు తోలి, మోకాళ్ళు మొరాయించాక దూరపు ట్రిప్పులు మానుకున్నాడాయన. మానుకున్నవాడు ఇంటిపట్టున ఉన్నాడా అంటే, లేదు. కొత్త డ్రైవరెవరైనా మూణ్ణెల్లపాటు పాత డ్రైవరు పక్కన తోలాకే ఒంటరిగా లోడు ఎత్తాలని మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. చివరికి మేనేజరు విసిగిపోయి, 'సరే, ఆ పాత డ్రైవరు మీరే' అన్నాడు. దాన్నే యార్డులో జోడీ పద్ధతి అంటారు.

అంత పట్టు ఎందుకంటే, ఆయనకు నేర్పినవాడంటూ ఎవడూ లేడు. క్లీనరుగా చేరిన రోజుల్లో ఆయన డ్రైవరు నోరు తెరిస్తే తిట్టే. గేరు తప్పు పడితే చేతి మీద స్పానరు దెబ్బ పడేది గానీ, ఎందుకు తప్పో చెప్పేవాడు కాదు. చెబితే తన సీటుకే ఎసరు పెడతాడని భయం. అంత పనితనం ఉన్న మనిషి అంతా కడుపులోనే దాచుకుని పోయాడు. తను మాత్రం అలా పోకూడదని మేష్టారు గట్టిగా అనుకున్నాడు.

అనుకున్నది బాగానే ఉంది. కానీ ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి ముగ్గురూ, ఒంటరిగా తోలిన మొదటి నెలలోనే బండిని దేనికో ఒకదానికి గుద్దారు. ముగ్గురూ రివర్సులోనే. ఒకడు సరుకు దించే ప్లాట్‌ఫారం అంచు పగలగొట్టాడు. ఒకడు వాచ్‌మన్ గది గోడకి గీత పెట్టాడు. మూడోవాడు పక్క ట్రైలరు ఒళ్ళంతా గీరేశాడు. మేనేజరు వాళ్ళని స్టీరింగు దగ్గర్నుంచి దింపి, మొదటివాణ్ణి టైర్ల షెడ్డుకీ, మిగతా ఇద్దర్ని లోడింగుకీ పంపేశాడు.

"మేష్టారూ, మీరు పక్కనున్నంతసేపూ ఈగ వాలనివ్వకుండా తోలారు. మీరు దిగ్గానే గోడలు వెతుక్కుని మరీ గుద్దారు. ఈ నాలుగో మనిషి కూడా ఇలాగే చేస్తే జోడీలూ గీడీలూ ఎత్తేస్తాను. పని తెలిసినవాళ్ళనే బయట్నించి తెచ్చుకుంటాను" అన్నాడు మేనేజరు.

ఆ నాలుగో మనిషి లేబుళ్ళావిడ. గోడౌనులో పదకొండేళ్ళు పెట్టెల మీద చీటీలు అంటించింది కాబట్టి ఆ పేరు. ముప్ఫై తొమ్మిదేళ్ళు, బడికెళ్ళే పిల్లలిద్దరు. చీటీలు అంటించే యంత్రం రాగానే ఆవిడ బల్ల ఎత్తేసి, డ్రైవింగు నేర్చుకోమన్నారు. మూణ్ణెల్లయ్యాక మేనేజరు పెట్టే పరీక్ష తప్పితే వెనక్కి పోయి కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. ఈ సంగతి ఆవిడకీ తెలుసు, మేష్టారికీ తెలుసు.

పొడుగు ట్రైలరుని వెనక్కి తొయ్యడం తిక్క వ్యవహారం. స్టీరింగు ఒక పక్కకి తిప్పితే వెనక భాగం రెండో పక్కకి పోతుంది. అందుకే మేష్టారు ప్లాట్‌ఫారం దగ్గర, డ్రైవరు అద్దంలో కనబడేలా నిలబడి, చేత్తో దారి చూపించేవాడు. కుడి, ఎడమ, నిదానం, ఆపు. "నా చెయ్యి చూడు, చాలు" అనేవాడు గర్వంగా. నిజానికి ఆ చేతిని చూస్తే ఎవరైనా వెన్నలో వేలు దించినట్టు బండిని ప్లాట్‌ఫారానికి ఆనించేవారు.

తొమ్మిదో వారంలో ఒక ఉదయం లేబుళ్ళావిడ అలాగే వెనక్కి వస్తోంది. ఎడమ వైపున ఎవరో లోడింగు మనిషి "బాగున్నారా మేష్టారూ!" అని కేకేశాడు. ఈయన అటు తిరిగి చెయ్యెత్తి "రావయ్యా, రా" అన్నట్టు ఊపాడు. అంతే, ట్రైలరు బుద్ధిగా ఎడమకి తిరిగి, అక్కడున్న ఖాళీ డ్రమ్ముల్ని దొర్లించుకుంటూ పోయింది. లోడింగు మనిషి ప్లాట్‌ఫారం మీదికి ఒక్క గెంతు గెంతాడు.

మేష్టారు ఒంటికాలి మీద లేచాడు. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావమ్మా!"

"మీ చేతి మీదే పెట్టుకున్నాను మేష్టారూ."

"ఇన్ని డ్రమ్ములు కనబళ్ళేదా?"

"మీ చెయ్యి చూస్తే చాలన్నారుగా. ఇంక డ్రమ్ములెందుకు చూస్తాను?"

ఆయనకి ఆ ముగ్గురి మొహాలూ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. వాళ్ళకి రివర్సు రాలేదు, తన చెయ్యి చూడ్డం వచ్చింది. ఆ చెయ్యి లేనిచోట గోడలు గుద్దారు. మూడు కుటుంబాల కూడు చెడగొట్టి, తప్పు వాళ్ళ మీదే ఉందనుకుని ఇన్నాళ్ళూ నిశ్చింతగా తిరిగాడు తను. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికెళ్ళి చెబితే భార్య ఏమీ ఆశ్చర్యపోలేదు. "నేను కూర కలుపుతున్నా పక్కనొచ్చి నిలబడి 'ఇంకాస్త ఉప్పు, ఇంకాస్త ఉప్పు' అంటారు. మీకు చెప్పడం వచ్చుగానీ ఊరుకోవడం రాదు" అని కంచంలో వడ్డించి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వచ్చాడు. "ఇవాళ్టినుంచి నేను ఉన్నా లేనట్టే. అనుమానం వస్తే బండి ఆపు. దిగు, చుట్టూ చూడు, మళ్ళీ ఎక్కు. నన్ను మాత్రం చూడకు" అన్నాడు. మొదటి రోజు ఆవిడ ఒక్క రివర్సుకి పదకొండుసార్లు దిగింది. "లారీ నేర్చుకుంటున్నావా, మెట్లెక్కడమా?" అని డ్రైవర్లు నవ్వారు. ఆవిడ పళ్ళు బిగించి పన్నెండోసారి దిగింది. మేష్టారు ఒక్క మాట చెప్పకుండా ఉండడానికి పడ్డ పాటు ముప్ఫై నాలుగేళ్ళలో ఏ ఘాట్ రోడ్డు మీదా పడలేదు. మూడో వారానికి పన్నెండు కాస్తా మూడుకి దిగింది.

పరీక్ష రోజున మేనేజరు కాగితం, పెన్నూ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. మేష్టార్ని గోడవారగా బల్ల మీద కూర్చోమన్నాడు. "మీరు మాటన్నా, సైగ చేసినా పరీక్ష రద్దు" అని ముందే చెప్పేశాడు.

లేబుళ్ళావిడ బండిని వరసలోకి తెచ్చి రివర్సు గేరు వేసింది. అప్పుడు చూశాడు మేష్టారు. ట్రైలరు వెనక తలుపులు మూసే ఉన్నాయి. వాటిని ముందే తెరిచి, పక్కలకి మడిచి కొక్కేలు పెట్టి రావాలి. ప్లాట్‌ఫారానికి ఆనాక అవి తెరుచుకోవు. క్యాబిన్లోంచి కనబడవు కూడా. కంగారులో ఆవిడ మర్చిపోయింది. తలుపులు మూసుకుని ఆనిందంటే పరీక్ష అక్కడితో సరి. మేనేజరు కూడా చూశాడు, పెన్ను మూత తీశాడు.

మేష్టారి చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆయన దాన్ని లాక్కుని తొడ కిందికి తోసి, దాని మీద కూర్చున్నాడు. గాలికి ఊపినట్టు ఒక్క సైగ చేస్తే ఆవిడ బయటపడుతుందేమో. కానీ రేపు ఊరు కాని ఊళ్ళో, ఎవరిదో గోడౌను ముందు, ఎవరు సైగ చేస్తారు? ఇరవై అడుగులు. పదిహేను. పన్నెండు.

బండి ఆగింది.

లేబుళ్ళావిడ దిగింది. చక్రాల వరస చూసుకుంటూ, తీరిగ్గా నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. తలుపుల ముందు ఆగి, నెత్తిన ఠపీమని కొట్టుకుంది. రెండు తలుపులూ తెరిచి, కొక్కేలు బిగించి, ఎటూ చూడకుండా వెళ్ళి ఎక్కింది. రెండు నిమిషాల్లో ట్రైలరు ప్లాట్‌ఫారానికి మెత్తగా ఆనింది.

ఆవిడ తిన్నగా బల్ల దగ్గరికొచ్చింది. "తలుపులు మూసున్నాయని మీరు చూశారా?"

"చూశానమ్మా. నువ్వు గేరు వేసినప్పుడే."

"చూసి కూడా ఊరుకున్నారా! నా బతుకు పోయేది మేష్టారూ!" ఆవిడకి కోపంతో కన్నీళ్ళొచ్చాయి.

"పోయేదే" అన్నాడాయన. ఇంత సంతోషం ఆయనకి తన లైసెన్సు వచ్చిననాడు కూడా లేదు.

మేనేజరు సంతకం పెట్టిన కాగితం ఆవిడ చేతికిచ్చాడు. "జోడీ పద్ధతి ఉంటుంది మేష్టారూ. వచ్చే నెల ఇద్దరు కొత్తవాళ్ళని ఇస్తాను."

"కొత్తవాళ్ళు ఆగుతారు. ముందు ఆ ముగ్గుర్నీ నాకివ్వండి."

"ఎవరు, గుద్దినవాళ్ళనా? మళ్ళీ మూణ్ణెల్లు నేర్పుతారా?"

"మూడు వారాలు చాలు. నేర్పడానిక్కాదు, నోరు మూసుకుని కూర్చోడానికి."

మేనేజరు జవాబు కోసం మేష్టారు ఆగలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ యార్డు దాటి టైర్ల షెడ్డులోకి వెళ్ళాడు. పంక్చరు వేస్తున్న మొదటివాడు తలెత్తి చూసి, కంగారుగా లేవబోయాడు.

"చేతులు కడుక్కుని రా" అన్నాడు మేష్టారు. "నీకు నేను తప్పు నేర్పాను."