బరువుకు కూర్చున్న నలుగురు

సామ్యూల్ మీద బాబురావు చెయ్యి చేసుకోవడం కొత్త కాదు. పాతబస్తీ చెరువులో పడవలు తిప్పే కాంట్రాక్టరుకు బాబురావు మేనేజరు. ఒకసారి పానాతో వీపు మీద కొట్టాడు. ఇంకోసారి కూలీలందరి ముందు చెంప వాయించాడు. సంతోష్‌నగర్ నుంచి ఏడేళ్లుగా వచ్చి పడవల ఇంజన్లు బాగుచేస్తున్న సామ్యూల్, దెబ్బ తిన్న ప్రతిసారీ చేతులు గుడ్డకు తుడుచుకుని మళ్లీ పనిలోకి వంగేవాడు. పనిలో పెట్టుకున్నట్టు కాగితం ముక్క లేనివాడికి ఊరుకోవడమే ఉద్యోగ భద్రత.

ఆ శనివారం పెద్ద పడవ ఇంజన్లో బేరింగులు పోయాయి. ఇంజన్ మొత్తం లేపి, పక్కకు పడుకోబెట్టి, అడుగు విప్పాలి. పడవను ఒడ్డుకెక్కించమన్నాడు సామ్యూల్.

"క్రేన్ తెచ్చి, ఎక్కించి, దించేసరికి మూడు రోజులైతది. రేపు ఆదివారం పబ్లిక్‌కు నీ మొఖం చూపియ్యాల్నా? నీళ్ల మీదనే విప్పు," అన్నాడు బాబురావు.

అలా విప్పడానికి వాళ్లకొక పద్ధతి ఉంది. ఇనుప పైపుల ముక్కాలికి గొలుసు వేసి ఇంజన్ను లేపి, ఎడమ అంచు వైపు జరుపుతారు. పడవ అటు ఒరగకుండా కుడి అంచున మనుషులు బరువుకు కూర్చుంటారు. ఆ రోజు కూర్చున్న నలుగురిలో ఒకడు ప్రేమ్‌రాజ్, సామ్యూల్ చెల్లెలు షారోన్ మొగుడు.

"బావా, నేను నీళ్లల్ల పడ్డా సరే, మీరు లేవొద్దు. ఒక్కరు లేసినా ఇది ఊగుతది," అన్నాడు సామ్యూల్.

"ఇంట్ల మీ చెల్లె గడియసేపు కూసోనియ్యదు. ఈడ కూసొమ్మంటే నాకేం ఫికర్," అన్నాడు ప్రేమ్‌రాజ్. మిగతా ముగ్గురూ నవ్వారు.

ఇంజన్ గాలిలో ఉండగా బాబురావు ఒడ్డు నుంచి పడవలోకి దిగాడు.

"పొద్దుగాల్నుంచి గిదేనారా నీ పని," అంటూ సామ్యూల్ నడుం మీద తన్నాడు. సామ్యూల్ మూతి ముక్కాలి పైపుకు తగిలి పళ్లు రాలాయి. నూనెలో నెత్తురు పడింది. అయినా గొలుసు వదల్లేదు.

"ఏం గాలే. కూసోండి," అన్నాడు నలుగురితో. అతని భయమంతా ఆ అంచు మీదే.

రెండో తన్ను పక్కటెముకల్లో దిగింది. బాబురావు పానా అందుకుని నెత్తి మీద కొట్టాడు. ప్రేమ్‌రాజ్ లేచాడు. ఏడేళ్లుగా చూస్తూ కూర్చున్న మిగతా ముగ్గురూ అతని వెంటే లేచారు.

పడవ ఎడమకు ఒరిగింది. ముక్కాలి కాలు జారింది. బాబురావు చెయ్యి పట్టుకోబోయిన ప్రేమ్‌రాజ్‌ను ఊగిన ఇంజన్ పడవ అంచు ఇనుప కమ్మీలకేసి నొక్కేసింది. ఎముకలు విరిగిన చప్పుడు కట్ట దాకా వినిపించింది. ఇంజన్ను నెట్టబోయిన సామ్యూల్ కుడిచేతి మూడు వేళ్లు నుజ్జయ్యాయి. బాబురావు ఒడ్డుకు దూకాడు. ఇంజన్ తప్పించేసరికి ప్రేమ్‌రాజ్ ఊపిరి ఆగిపోయింది.

కూలీలు తమలో తాము కొట్టుకున్నారని, మెకానిక్ అజాగ్రత్త వల్లే చావు జరిగిందని కేసు రాశారు. నిందితుడు సామ్యూల్. లేచిన ముగ్గురినీ కాంట్రాక్టరు మనుషులు బెదిరించి ఊరు దాటించారు. ఆదివారం మిగతా పడవలు తిరిగాయి.

ఆ మధ్యాహ్నం కట్ట మీద నిలబడి ఫోన్లో తీసినవాళ్లు పదిమందైనా ఉన్నారు. ఆ తన్నులు మీ ఫోన్లో ఉంటే తుడిచెయ్యకండి. షారోన్‌కు ఇవ్వండి, ఆమెతో స్టేషన్ దాకా నడవండి. తియ్యనివాళ్లు టికెట్ కిటికీ దగ్గర ఒక్క మాట అడగండి: ఇంజన్ ఎక్కడ విప్పుతారు? ఒడ్డు మీదేనని రాసిపెట్టేదాకా ఆ పడవ ఎక్కకండి.