రోగి మాటల్లోనే

ఎమ్మెస్సీ సైకాలజీ రెండో ఏడు మాకు అయిదు కేసులు రాసి, వాటిలో ఒకటి తరగతిలో చదివే పని పడింది. పేరు రాయకూడదు, ఊరు రాయకూడదు. కానీ మొదటి పేజీలో బాధ మాత్రం రోగి మాటల్లోనే, ఒక్క అక్షరం దిద్దకుండా రాయాలి. మా మేడమ్‌కు దాని మీద భలే పట్టింపు. 'నిద్రలేమి' అని రాసుకొస్తే, ఏ రోగి ఇలా మాట్లాడతాడమ్మా అని కాగితం వెనక్కి తోసేసేది.

ఆ రోజు నా స్నేహితురాలి వంతు. చిత్తూరు పిల్ల, హాస్టల్లో ఉండేది. హాస్టల్ సాంబారు నోట పెట్టలేనని ప్రతి ఆదివారం తిరుచానూరులో మా ఇంటికొచ్చేది. మా అమ్మ చేతి సంగటి తిని, ఆమె పక్కన కూర్చుని, అంగళ్లకిచ్చే పూలు కట్టి వెళ్లేది. దానికి తెలియని డబ్బా మా వంటింట్లో లేదు.

లేచి నిలబడి చదివింది. "యాభై రెండేళ్ల స్త్రీ. ఆమె మాటల్లోనే: తెల్లారి లేస్తానే కడుపులో ఎవురో చాప చుడతా ఉండారు. వాకిలి దాటాలంటే కాళ్లు రావు."

కడుపులో చాప చుట్టడమనే మాట లోకంలో మా అమ్మ ఒక్కతే అంటుంది. ఏడాదిగా అంగళ్లకు పూలిచ్చి రమ్మని నన్నే పంపుతోంది. మోకాళ్ల నొప్పులంటే నమ్మాను.

అది ఇంకా చదువుతూనే ఉంది. "కూతురికి సెప్పలేదు. అదీ ఇదే సదువు సదువుతాంది. సెప్తే నన్ను అమ్మగా సూడదు, రోగిగా సూస్తాది."

మేడమ్ భేష్ అంది. కేసంటే ఇలా రాయాలని మా అందరికీ చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. బయట దాన్ని పట్టుకుని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే దానివని ముఖం మీదే అన్నాను. అమ్మను అడిగే రాశానంది. నమ్మలేదు. మళ్లీ మా గడప తొక్కొద్దని చెప్పి బస్సెక్కాను.

ఇంట్లో అమ్మ పూలు కడుతోంది. ఈ సంగతి తెలిస్తే ఎంత కుమిలిపోతుందో, ఎలా చెప్పాలో అని నేను వాకిట్లోనే తచ్చాడుతుంటే, తలెత్తకుండా ఆమే అడిగింది.

"ఆ పాప ఈ పొద్దు సదవాలనిందే. సదివిందా?"

అంటే ఇద్దరికీ తెలుసు. తెలియంది నాకే. నాకెందుకు చెప్పలేదు, నేను అడగలేదా అని అరిచాను. నిజంగానే అడిగాను. అయిదు కేసుల్లో ఒకటి ఆరోగ్యంగా ఉన్న మనిషిది కావాలంటే, అమ్మను కూర్చోబెట్టి, మేడమ్ ఇచ్చిన కాగితంలోని నలభై ప్రశ్నలూ వరసగా అడిగాను. అన్నిటికీ లేదు, లేదు అంది.

అమ్మ దారం ముడి వేసి, నోటితో తెంపింది. "ఆ పాప పూలు కడతా అడిగింది. నువ్వు కాగితం సూసి అడిగితివి."

కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ ఇద్దరి మీదా ఉంది. నన్ను నా ఇంట్లోనే పరాయిదాన్ని చేశారు.

నేను రాసిన అయిదు కేసుల రికార్డు ఇంకా నా దగ్గరే ఉంది. రెండో కేసు మా అమ్మ. భయాలు: లేవు. ఆందోళన: లేదు. కింద మేడమ్ సంతకం. మొదటి పేజీలో, ఆమె మాటల్లోనే అన్నచోట, నా గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "నాకేమి, బాగుండా." ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.