నాయన కాలికి పోసిన నీళ్లు

షుగర్ ముదిరి నాయన కుడిపాదం నల్లబడింది. తిరుపతిలో ఒక పెద్దాస్పత్రికి తీసుకుపోతే మోకాలి కిందికి తీసేశారు. తీసిన కాలు మీరు తీసుకుపోతారా, మమ్మల్నే తగలబెట్టేయమంటారా అని నర్సు అడిగింది. నేను ఐరాల హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి. చచ్చిన కండను మోసుకుపోయి ఏం చేసుకుంటాం, మీరే చూసుకోండమ్మా అని సంతకం పెట్టేశాను. నాయనను ఒక్క మాట అడగలేదు.

మెలకువ రాగానే ఆయన అడిగిన మొదటి మాట అదే. "నా కాలు యాడ పెట్టినావురా?"

"మన తోట్లో పూడ్సినా నాయనా, బావి పక్కన మామిడిచెట్టు కింద."

నోటికొచ్చిన అబద్ధం. దాంతో ఆ గొడవ తీరిపోయిందనుకున్నాను.

బంగారుపాళ్యం దగ్గర మా ఇంటికి వచ్చిన వారానికి, లేని పాదం మండడం మొదలైంది. "నిప్పుల మీద పెట్టినట్టు ఉండాదిరా," అనేవాడు. బొటనవేలు దగ్గర మరీ ఎక్కువట. ఆస్పత్రిలో తగలబెట్టించిన సంగతి గుర్తొచ్చింది. పైకి మాత్రం, తెగిన నరాలు మెదడుకు తప్పుడు కబుర్లు పంపుతాయని పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. డాక్టరూ అదే అన్నాడు. మరి ఎప్పటికి తగ్గుతుందంటే, "కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు, ఎందుకో మాకూ పూర్తిగా తెలీదండీ," అన్నాడు. ఆయనిచ్చిన మాత్రలకు నాయన పగలంతా తూగేవాడు. మంట తగ్గేది కాదు.

ఒక పొద్దున అమ్మ బిందెడు నీళ్లు తీసుకుపోయి ఆ మామిడిచెట్టు మొదట్లో పోసి వచ్చింది. "పోసొచ్చినా. ఇప్పుడెట్లుండాది?" అని అడిగింది.

నాయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. "సల్లంగుండాది," అన్నాడు.

ఆ పూట కడుపునిండా సంగటి తిన్నాడు. అప్పట్నుంచి అమ్మ రోజూ పోసి వచ్చేది. మాత్రలు అలమరాలోనే ఉండిపోయాయి.

సంతోషించడం నాకు చేతకాలేదు. బళ్లో మూఢనమ్మకాల మీద పాఠం చెప్పి ఇంటికొస్తే ఈ తంతు. నెల రోజులు పళ్ల బిగువున ఓర్చుకున్నాను. ఒకరోజు బిందె మోయలేక అమ్మ తోట గట్టు మీద కూలబడింది. ఆమెను లేపుకుని ఇంటికొచ్చి, నాయన ముందే అరిచాను.

"యాలమ్మా ఈ పిచ్చి? ఆడ కాలూ లేదు, గీలూ లేదు. ఆ పొద్దే ఆస్పత్రోళ్లు తగలబెట్టేసినారు!"

నాయన తిట్టలేదు. "అయితే నిప్పుల్లోనే పెట్టినారు," అని మాత్రం అన్నాడు.

మర్నాడు అమ్మ మళ్లీ నీళ్లు పోసి వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు కాచుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

నేను చెప్పింది నిజమే, ఏ పుస్తకం తీసి చూసినా నిజమే. ఆ నిజంతో నాయనకు పనిచేసిన ఒకే ఒక్క మందును పాడుచేశాను. ఇంకో ఏడాది బతికాడు. మంట అని నాతో మళ్లీ అనలేదు. తగ్గిపోయిందనే అనుకున్నాను. నేను బడికి బయల్దేరేదాకా బిగబట్టుకుని, ఆ తర్వాతే మూలిగేవాడని ఆయన చనిపోయాక అమ్మ చెప్పింది.